రానూపోనూ టికెట్టు

“అరె! గిది రిటన్ టికెట్ గద భాయ్!”

ముందుగదిలో మరిది షబ్బీర్ అన్న ఆ ఒక్క మాటకు వంటింట్లో జహీరాబీ చేతిలోని చాయ్ గిన్నె జారి పొయ్యిలో పడింది! నిప్పులు చుయ్‌మన్నాయి, కళ్ళల్లోకి బూడిద లేచింది. ఏడేళ్ళ తరువాత మొగుడు మస్కట్ నుంచి తాండూరు ఇంటికి చేరింది నిన్న సాయంత్రమే కదా! ఆయన తెచ్చిన అత్తరు వాసన ఇంకా గడప దాటలేదు. కడుపులో ఉండగా వదిలివెళ్ళిన కూతురు రుఖియా ఇంకా తండ్రి ఒళ్ళోకి సరిగా రానేలేదు. అప్పుడే తిరుగు టికెట్టా!... యా అల్లా!...

పరదా కొంచెం జరిపి చూసింది. ఎర్ర కార్బన్ అంటిన పల్చటి కాగితాల టికెట్టును షబ్బీర్ వెలుతురుకు పట్టి కూడబలుక్కుని చదువుతున్నాడు.

“బొంబాయి నుంచి మస్కట్... తారీకు పీర్ల పండుగ అయిపోయినంక ఉన్నది. అంటే భాయ్ మళ్ళ పోతడు అమ్మీ!”

అత్తగారు గుల్జార్ బేగం మొహం చాటంత అయింది. “అల్లా మేలు చేసిండు! తిరుగు టికెట్ చేతిల పెట్టి పంపిండంటే సేట్‌కు నా కొడుకు మీద ఎంత నమ్మకముండాలె!”

“అమ్మీ, గది గట్ల గాదు... నేను ఈసారి...” కరీముద్దీన్ ఏదో అనబోయాడు.

“ఈసారి ఏందిరా? ఈసారి పోయినవంటే నీ తమ్మునికి బండల పాలిష్ మిషను పెట్టియ్యాలె. ఎన్నొద్దులు ఒకళ్ళ కింద చేస్తడు వాడు?”

కరీముద్దీన్ మెల్లగా తల తిప్పి వంటింటి పరదా వైపు చూశాడు. ఆ చూపును జహీరాబీ అప్పుడే అందుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ ఆమె చటుక్కున వెనక్కి తిరిగి, ఒలికిన చాయ్ తుడుస్తూ కూర్చుంది. ఒక్క చుక్క కన్నీరు కూడా రానివ్వలేదు. రానివ్వకూడదని ఆమె ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది.

ఆ ఒట్టు వెనక పెద్ద కథే ఉంది. డెబ్బై ఏడులో జహీరాబీ పుట్టింట్లో, వికారాబాదులో, నిండు చూలాలిగా ఉంది. తాండూరు బండల మిషను మీద పని చేసే కరీముద్దీన్‌కు మస్కట్‌లో ఇళ్ళకు రాతినేల పరిచే పని దొరికింది. భార్యకు చెప్పి పోదామని వికారాబాదు వచ్చి, అక్కడే బొంబాయి రైలెక్కాడు. జహీరాబీ స్టేషనుకు వచ్చి, పచ్చగుడ్డలో ఒక రూపాయి బిళ్ళ మూటగట్టి ఆయన కుడి భుజానికి ఇమామ్ జామిన్ కట్టింది. ప్రయాణం పోయేవాళ్ళకు ఇంటి ఆడది కట్టే రక్ష అది. క్షేమంగా చేరాక విప్పి, ఆ బిళ్ళను ఏ ఫకీరుకో ఇచ్చేయాలి. కట్టేదాకా బాగానే ఉంది. రైలు కూత వేసిందో లేదో, కిటికీ ఊచ పట్టుకుని భోరుమని ఏడ్చింది! “నన్నొక్కదాన్ని చేసి పోకుండ్రి!...” అంది. ఆ ఏడుపు చూడలేక కరీముద్దీన్ కదులుతున్న రైల్లోంచి దూకేశాడు.

మరునాటి రైలుకు పోయాడు. కానీ రైలుకూ విమానానికీ తేడా ఆ ఇంటికి ఎవరికి తెలుసు? ఒక బండి తప్పితే ఇంకో బండెక్కుతాం, అంతే కదా అనుకున్నారు. ఎగిరిపోయిన విమానంతోపాటు టికెట్టు డబ్బులూ ఎగిరిపోయాయి! అప్పటికప్పుడు కావాలంటే కొత్త టికెట్టుకు రెండింతలన్నారు. అప్పు చేయక తప్పలేదు. ఆ అప్పే మొదటి ఏళ్ళ జీతాన్నంతా మింగేసింది.

అప్పటినుంచి గుల్జార్ బేగం నోటికి అడ్డు లేదు. పెళ్ళైననాటి నుంచి కోడలిని దుల్హన్, అంటే పెళ్ళికూతురా, అనే పిలిచేది. పిలుపు తియ్యగానే ఉండేది, ఆ వెనక వచ్చే మాట మాత్రం చురుక్కుమనేది. “నీ కండ్లనీళ్ళకు ఒక ఇమానం టికెట్ కొట్టుకపాయె దుల్హన్!” పప్పులో ఉప్పు ఎక్కువైనా అదే మాట, రుఖియాకు జ్వరమొచ్చినా అదే మాట. నిజమే కదా, నా ఏడుపే కదా ఆయనను ఇన్నేళ్ళు రానివ్వకుండా చేసింది అని జహీరాబీ కూడా నమ్మింది. ఆయన మళ్ళీ వచ్చి, మళ్ళీ పోవలసి వస్తే, గుండె పగిలినా సరే ఏడవను, ఆపను అని ఆనాడే ఒట్టు పెట్టుకుంది.

ఆయన మాట మాత్రం టేపుల్లో వచ్చేది. ఎవరో మస్కట్ నుంచి వచ్చేవాళ్ళు ఇచ్చి పోయేవారు. పగలు ఇంటిల్లిపాదీ కూర్చుని వినేవారు. అందరూ లేచిపోయాక జహీరాబీ ఒక్కతే మళ్ళీ పెట్టుకునేది. సెల్లులు అయిపోవచ్చి ఆయన గొంతు ముసలివాడిలా సాగిపోతే, సెల్లులు తీసి ఎండలో పెట్టి, వేడెక్కాక మళ్ళీ వేసి వినేది. “రావాల్నని ఉన్నది జహీరా... సేట్ సెలవిచ్చినప్పుడు టికెట్ కొండెక్కుతది. టికెట్ దిగినప్పుడు సేట్ సెలవియ్యడు...” ఆ వెనక ఎవరో దగ్గడం, దూరంగా అజాన్, గాలి చప్పుడు... ఆ గాలి కూడా ఆమెకు బాగా గుర్తు. ఆయన ఊపిరి తగిలిన గాలి కదా! ఆ టేపు పెట్టె మీద చెంప ఆనించి ఎన్ని సాయంత్రాలు అలాగే కూర్చుండిపోయిందో!

ఇప్పుడు మనిషే వచ్చాడు. చెవి పక్కన జుట్టు నెరిసింది, అరచేతులు సిమెంటుకు మొద్దుబారాయి, నవ్వు మాత్రం అదే. ఆ నవ్వు చూస్తూ ఉండగానే మళ్ళీ పోతాడన్న మాట మనసులో మెదిలి, ఎదురుగా కూర్చున్నవాడి మీదే బెంగ పెట్టుకోవలసి వచ్చింది ఆ పిచ్చిదానికి!

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర విమానం కబుర్లే. కరీముద్దీన్ పక్క సీటులో కూర్చున్నది దౌల్తాబాద్ దిక్కు మనిషట. “ఒకటే ఇమానం, ఒకటే బువ్వ, ఒకటే దూరం. వాడు నాకన్న రెండింతలు కట్టిండు అమ్మీ! తల్లి పానం బాగలేదని అప్పటికప్పుడు కొన్నడట.”

గుల్జార్ బేగం ముద్ద పళ్ళెంలో పడేసింది. “తల్లి చావుబతుకుల ఉన్నదంటే ఎక్కువ గుంజుతరా? పాపం తాకదా ఆళ్ళకు? మా తాండూరు టేషన్ల రంజాన్ కానీ, పీర్ల పండుగ కానీ, వికారాబాద్‌కు ఎప్పుడైనా గదే టికెట్!”

అందరూ నవ్వారు. అవును మరి, రైలు పట్టాల పక్కన పుట్టి పెరిగిన వాళ్ళు. దూరాన్ని బట్టి ధర, రానూపోనూ అయితే దానికి రెట్టింపు, ఇంతకు మించి లెక్క ఉంటుందని వాళ్ళకు ఎవరు చెప్పారు? రెట్టింపు కట్టి తిరుగు టికెట్టు కొన్నవాడు ఉండిపోవడానికి వచ్చాడని ఎవరనుకుంటారు? జహీరాబీ కూడా అనుకోలేదు. అడిగితే ఏమౌతుంది, ఒక్క మాట అడగరాదూ అంటారేమో! అడగడానికి నోరు తెరిస్తే ముందు ఏడుపే బయటపడుతుందని ఆమె భయం.

జహీరాబీ ఊరికే కూర్చుని తినే మనిషి కాదు. భర్త పోయిన నాటి నుంచి గాజుల మూటను, మలారాన్ని, భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, ఆదివారం సంతలో కూర్చుని గాజులు వేసేది. ఆ ఆదివారం మలారం కరీముద్దీన్ తన భుజానికెత్తుకుని వెంట వచ్చాడు. పక్క దుకాణం సావిత్రమ్మ చూసి, “ఏం జహీరా, దుబాయ్ దొరతోటి మోపిస్తున్నవ్!” అని ఎకసెక్కమాడింది. జహీరాబీ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇలాంటి ఆదివారాలు ఇంకెన్ని ఉంటాయని లోపల కలుక్కుమంది.

బంట్వారం నుంచి వచ్చిన మొగులమ్మ ముందు కూర్చుని ఎడమ చెయ్యి చాపింది. బావి తాడు తగిలి ఆ చేతి గాజులన్నీ పగిలాయట.

“గీ ఒక్క చేతికే ఎయ్యి జహీరమ్మా. సగం పైసలిస్త.”

“ఒక్క చేతికైతే పడదు మొగులమ్మా. ఎక్కువైతది. రెండు చేతులకు ఏసుకో, తక్కువల ఇస్త.”

“గిదేం లెక్కనే! ఒక్క చేతికి ఎక్కువ, రెండు చేతులకు తక్కువనా? పిచ్చిగిన పట్టిందా నీకు?”

“సెట్టు ఇడగొట్టినంక మిగిలిన సగం ఎవలు కొంటరు, నువ్వే చెప్పు? ఒక్క చేతికి అడిగేటిదానికి ఎట్లనన్న అక్కెర, గరజు ఉంటది, ఇచ్చి పోతది. రెండు చేతులదాన్ని ఆశపెట్టి కూసోబెట్టుకోవాలె. యాపారం గట్లనే ఉంటది.”

పక్కన కూర్చున్న కరీముద్దీన్ పకపకా నవ్వాడు. “నీది గూడ ఇమానమోళ్ళ లెక్కనే జహీరా!” ఆ పైన ఏదో చెప్పబోయి ఆమె మొహంలోకి చూశాడు. విమానం అనే మాట వినగానే ఆమె తల దించుకుని మొగులమ్మ చేతిని మెత్తగా వత్తుతూ గాజు ఎక్కిస్తోంది. నా దగ్గర కూర్చున్నా ఆయన మనసు విమానంలోనే ఉంది అనుకుంది పాపం! ఆయన నవ్వు కూడా అక్కడే ఆగిపోయింది.

రోజులు ఎంత నెమ్మదిగా జరగమని వేడుకుంటే అంత తొందరగా జరిగిపోతాయి కదా! బక్రీదు వెళ్ళింది. రుఖియా తండ్రి మెడ పట్టుకుని వేలాడడం నేర్చుకుంది. జహీరాబీ పెట్టె సర్దడం మొదలుపెట్టింది. చింతకాయ తొక్కు జాడీకి గుడ్డ కట్టింది. జొన్నపిండి పట్టించింది. ఆయన చొక్కాలకు గుండీలు గట్టిగా కుట్టింది. ఎవరు చూసినా నవ్వుతూనే ఉండేది. ఆ నవ్వు చూసినప్పుడల్లా కరీముద్దీన్ మొహం చిన్నబోయేది. ఎందుకు చిన్నబోతోందో ఆమెకు అర్థం కాలేదు.

ఒకరోజు ఇద్దరూ కలిసి వికారాబాదు పుట్టింటికి వెళ్ళారు. తిరుగు బండి కోసం స్టేషనులో నిలబడినప్పుడు కరీముద్దీన్ మెల్లగా అన్నాడు.

“గీడనే గదా జహీరా... నువ్వు ఏడిస్తే నేను రైలు దుంకిన.”

ఆ మాటలో ఎంత ఆశ ఉందో! ఇంకొక్కసారి ఆ ఏడుపు వినాలని, పోవద్దనే మాట ఆమె నోటి నుంచి రావాలని ఆ మనిషి ప్రాణం కొట్టుకుంటోంది. జహీరాబీ మాత్రం తన ఒట్టును గుర్తు చేసుకుని, తల ఎత్తి, గొప్పగా నవ్వింది.

“గప్పుడు నాకు బుద్ధి లేకుండె. ఇప్పుడు ఏడువను. మీరు ఫికర్ చేయకుండ్రి, పైలంగ పోయిరండ్రి.”

కరీముద్దీన్ పట్టాల వైపు తిరిగాడు. “మంచిదే” అన్నాడు.

పీర్ల పండుగ అయిపోయింది. ఆ రోజు రానే వచ్చింది!...

తాండూరు స్టేషనులో బొంబాయి రైలు వచ్చి ఆగింది. షబ్బీర్ పెట్టెను లోపల పెట్టి వచ్చాడు. గుల్జార్ బేగం కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టి ఏదో చదివి ఊదింది. రుఖియా తండ్రి వేలు పట్టుకుని, ఎంత లాగినా వదలడం లేదు. జహీరాబీ కొంగు ముడి విప్పి, బిళ్ళ మూటగట్టిన కొత్త పచ్చగుడ్డ తీసింది. ఇంకెంతసేపు? రైలు కదిలేదాకా బిగపట్టుకుంటే చాలు, ఆ తరువాత ఇంటికి పోయి దిండులో మొహం పెట్టుకుని...

“చెయ్యి ఇటియ్యండ్రి.”

కరీముద్దీన్ చెయ్యి ఇవ్వలేదు. చొక్కా లోపలి జేబులోంచి ఒక పాత గుడ్డ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. రంగు వెలిసి, చెమటకు గట్టిపడిపోయిన గుడ్డ. నడుమ ముడిలో గుండ్రంగా బిళ్ళ తగిలింది. తను వేసిన ముడి తనకు తెలియదా!

“గిది... వికారాబాద్‌ల నేను కట్టింది గదా! ఆడ చేరంగనే ఎవలకన్న ఇయ్యాలె గద! ఇయ్యలేదా మీరు?”

“చేరినోడు ఇయ్యాలె జహీరా.” ఆయన ఆ ముడిని వేలితో తాకాడు. “నేను ఆడ ఏడ చేరిన? పని చేసిన, తిన్న, పన్న. ఎవలెవలి ఇండ్లల్లనో బండలు పరిచిన. చేరలే. ఇంటికి పోయినంకనే ఇద్దామని దాచుకున్న. వచ్చిన తెల్లారే ఇచ్చేటోన్ని. గంతల షబ్బీర్ టికెట్ చదివిండు. అమ్మీ మిషను అన్నది. నువ్వేమో నవ్వుకుంట పెట్టె సదిరినవ్. పోయిరమ్మన్నవ్. నేనింకా చేరలేనేమో, ఎవలకూ నేనీడ అక్కెర లేదేమో అనుకున్న.”

“అంటే... అంటే మీరు ఉండనీకె వచ్చిండ్రా?” జహీరాబీ ఆ గుడ్డను పిడికిట్లో బిగించింది. “ఉండనీకె వచ్చినోళ్ళు మరి రిటన్ టికెట్ ఎందుకు కొన్నరు!”

“ఒక్క దిక్కు టికెట్ కన్న రానూపోనూ టికెట్టే తక్కువ కాబట్టి కొన్న!”

“రెండు దిక్కులు ఒక్క దిక్కు కన్న తక్కువనా? నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నరా?”

“మొగులమ్మకు నువ్వేం చెప్పినవ్? ఒక్క చేతికి గాజులు అడిగితే ఏమన్నవ్?”

జహీరాబీ తన రెండు చేతుల గాజుల వైపు చూసుకుంది.

“ఇమానమోళ్ళు గూడ గంతే జహీరా. ఒక్క దిక్కే పోయేటోడు తప్పనోడని ఆళ్ళకు ఎర్కే. నౌకరీ ఇడిసినోడు, తల్లి పానం బాగలేనోడు... ఎంత గుంజినా కట్టి పోతడు. రానూపోనూ కొనేటోడు పోతే పోతడు, లేకుంటే లేదు. ఆన్ని ఆశపెట్టాలె. ధర తొవ్వకు కాదు, మనిషి గరజుకు. పనికి సలాం చేసి, ఉన్న పైసలల్ల తక్కువది కొనుక్కోని వచ్చిన. తిరుగు కాగితాన్ని చించి పారేద్దామనుకున్న. ఈ తారీకులోపు మనసు మారితే రా అన్నడు సేట్. మారదు అని చెప్పి వచ్చిన...”

గార్డు విజిల్ ఊదాడు. ఇంజను కూత వేసింది. ఆ కూత జహీరాబీకి ఏడేళ్ళ కిందటి కూతలాగే వినిపించింది! అత్తగారు వెనకే ఉందని కూడా మరిచిపోయి ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకుంది.

“పోకుండ్రి!... పోకుండ్రి రుఖియా అబ్బా!... మిషను వద్దు, మస్కట్ వద్దు... ఇద్దరం కలిసి గాజులమ్ముకుందాం... ఒక్క మాట చెప్పకపోతిరి, నేను దినాం లోపల్లోపల చచ్చిపోతున్న గదా!...”

ఏడుపు కట్టలు తెంచుకుంది. అన్నేళ్ళ ఏడుపు! ప్లాట్‌ఫాం మీద మనుషులు ఆగి చూశారు. చటుక్కున ఆమెకు అత్తగారు గుర్తొచ్చింది. కొంగుతో నోరు నొక్కుకుని భయంభయంగా వెనక్కి తిరిగింది.

గుల్జార్ బేగం అక్కడే నిలబడి ఉంది. అంతా విన్నది. కొడుకు ఉండడానికి ఇంటికొస్తే, వచ్చిన తెల్లారే మిషను అడిగింది తను కదా!

“నోరెందుకు మూసుకుంటవ్ దుల్హన్?” అంటూ దగ్గరికి వచ్చి కోడలి చేతిని నోటి మీంచి తీసింది. “గా రోజు ఒక టికెట్ కొట్టుకపోతే ఏడేండ్లు నిన్ను సతాయించిన. నా కొడుకును ఆపేటిది నీ ఏడుపొక్కటే అని నాకు ఎర్కలేకపాయె. ఏడువ్ బిడ్డా! మస్తుగ ఏడువ్! ఇంకొక టికెట్ కొట్టుకపోతే పోనీ!”

ఆ ముసలి తల్లి కోడలిని కౌగిలించుకుని తనూ భోరుమంది! షబ్బీర్ అప్పటికే కదులుతున్న డబ్బాలోకి ఎగిరి, పెట్టెను ప్లాట్‌ఫాం మీదికి తోసి, తను దూకాడు. చింతకాయ తొక్కు జాడీ పగిలి పెట్టెలోంచి కారింది. “మిషను తిప్పలు నేను పడ్త భాయ్, నువ్వు ఇంటికి నడువ్” అన్నాడు రొప్పుతూ. రైలు వెళ్ళిపోయింది. చేతిలో టికెట్టు ఉన్న మనిషి ప్లాట్‌ఫాం మీదే ఉన్నాడు.

స్టేషను మెట్ల దగ్గర రోజూ కూర్చునే ముసలి ఫకీరు ఒకడున్నాడు. జహీరాబీ ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని పాత గుడ్డ ముడి విప్పబోయింది. ఏడేళ్ళ ముడి వేళ్ళకు రాలేదు. పళ్ళతో లాగి విప్పింది. నల్లబడిన రూపాయి బిళ్ళ బయటపడింది. దాన్ని కళ్ళకద్దుకుని రుఖియా చేతికిస్తే, ఆ పిల్ల బొచ్చెలో వేసింది.

“ఇమామ్ జామిన్ బిళ్ళనా అమ్మా?” ఫకీరు చెయ్యెత్తి దీవించాడు. “ఎవలు చేరిండ్రు?”

“మా అబ్బా! మస్కట్ నుంచి!” అంది రుఖియా.

“మంచిది బేటీ. ఎన్నడు వచ్చిండు?”

రుఖియా వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయింది. జహీరాబీ ఆ చిన్న చేతిని పట్టుకుని ఆపింది. పెట్టె నెత్తికెత్తుకుని మెట్లు దిగుతున్న భర్తను కళ్ళనిండా చూసుకుని, చెంపలు తుడుచుకోకుండానే చెప్పింది.

“గిప్పుడే బాబా. గిప్పుడే చేరిండు.”